నాలుగేళ్లు అరగని క్లచ్ ప్లేటు

2013 జూలై 8, సోమవారం, ఉదయం పదింబావుకు మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నన్ను తన గదికి పిలిపించారు. బూడిద చెరువు విభాగానికి కొనబోయే కొత్త డీజిల్ పికప్ ట్రక్కుకు ఏ రకం గేర్‌బాక్స్ ఉండాలో తేల్చి, మూడు వారాల్లో సిఫారసు సమర్పించమని ఆదేశించారు. అప్పుడు నేను రాయచూరు జిల్లాలోని ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో, వాహనాల విభాగంలో, అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, పొట్టిగా ఇ.ఇ., నాకు వెంటనే పైన ఉండే అధికారి. సిఫారసు మేము రాస్తాం; దాని మీద ఆమె సంతకం పడితేనే కాగితం ముందుకు కదులుతుంది. ఆమె కన్నడిగురాలు, మాట పొదుపు మనిషి. ఆ రోజు కూడా రెండే సంగతులు చెప్పారు. ఇంజను ఖరారైంది, గేర్‌బాక్స్ ఒక్కటే మిగిలింది. కాగితం పొట్టిగా ఉండాలి. మొదటి దానికి సరేనన్నాను. రెండోది నా చేత కాలేదు.

ఆ బండి చేయవలసిన పని గురించి కొంత చెప్పాలి. బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి, ఇనుప గొట్టాల గుండా పంపి, ఎత్తయిన కట్ట వేసిన పెద్ద మడుగులో నింపుతారు. దాన్నే బూడిద చెరువు అంటాం. ఆ బూడిద నీళ్లు గొట్టాన్ని లోపలి నుంచి గీకేస్తాయి. అడుగు భాగం ముందు అరుగుతుంది కనుక కొన్నాళ్లకొకసారి గొట్టాలను విప్పి, తిప్పి బిగించాలి; చిల్లు పడితే మార్చాలి. గొట్టాలనూ వెల్డింగు యంత్రాన్నీ బరువులెత్తే ఖలాసీలనూ ఎక్కించుకుని రోజుకు పదిసార్లు ఆ కట్ట ఎక్కి దిగవలసిన బండి అది. పాత బండిని కండెమ్ చేశారు, అంటే ఇక వాడకానికి పనికిరాదని తేల్చారు. కొత్తదానికి మూడు లీటర్ల టర్బో డీజిల్ ఇంజను. అదే బండి రెండు రకాలుగా దొరుకుతుంది. మాన్యువల్ రకంలో డ్రైవరు ఎడమ కాలితో క్లచ్ తొక్కి, ఇంజనుకూ చక్రాలకూ ఉన్న బంధాన్ని క్షణంపాటు విడదీసి, చేత్తో గేరు మారుస్తాడు. ఆటోమేటిక్ రకంలో క్లచ్ పెడలే ఉండదు. ఇంజను బలాన్ని నూనె మోసుకుపోతుంది, గేర్లు వాటంతట అవే మారతాయి. ఎడమ కాలికి పని లేదు.

నా సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. మా నాన్న రాయచూరు పత్తి మార్కెట్లో హమాలీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అంతవరకూ వేలిముద్రలతో గడిచిన ఇంటివాణ్ణి కనుక రాసి ఉన్న ప్రతిదాని మీదా నాకు అపారమైన గౌరవం. ఎవరు ఏది చెప్పినా నోటు పుస్తకంలో తేదీతో సహా ఎక్కించేవాణ్ణి. ఇరవై మూడేళ్ల సర్వీసు దాదాపు అంతా బాయిలర్ల దగ్గరే గడిచింది; వాహనాల విభాగానికి వచ్చి నాలుగు నెలలే. ఇంకొక చిన్న లోపం ఉంది. గేర్‌బాక్స్‌లోని పళ్లచక్రాల నిష్పత్తులు కాగితం లేకుండా చెప్పగలను గానీ నాకు బండి నడపడం రాదు. ఈ సంగతి విభాగంలో ఎవరికీ తెలియదని అనుకునేవాణ్ణి.

బూడిద చెరువు బండి డ్రైవరు నర్సప్ప. యరగేర ఊరివాడు, యాభై ఏడేళ్లు. రిటైర్మెంటుకు మూడేళ్లుంది. పాఠకులకు ఒక విషయం ముందే చెప్పడం న్యాయం. నర్సప్ప ఎడమ మోకాలు చెడిపోయింది. నడక సాగుతుంది గానీ, గట్టి స్ప్రింగును తొక్కే బలం దానికి లేదు. యాభై అయిదు దాటిన ప్రతి డ్రైవరూ ఏటా మా ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవాలని ఆ ఏడే ఒక సర్క్యులర్ వచ్చింది. అందులో తప్పితే బండి తీసేసి గేటు దగ్గర రాకపోకల రిజిస్టరు రాయడానికి కూర్చోబెడతారు. నర్సప్పకు సంతకం తప్ప రాత రాదు. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి, తన కింద నేర్చుకున్నవాళ్ల బండ్ల నంబర్లు ఇంకెవరిచేతనో రాయించుకుంటూ గేటు దగ్గర కూర్చోవాలి. సెప్టెంబరులో అతని వంతు. ఇదంతా అతనికి తెలుసు. అప్పటికి నాకు తెలియదు.

నిబంధన ప్రకారం మొదట వాడకందారుని అభిప్రాయం తీసుకోవాలి. నోటు పుస్తకం పట్టుకుని డ్రైవర్ల షెడ్డుకు వెళ్లాను. అయిదారుగురు టీ తాగుతున్నారు. ఆటోమేటిక్ అయితే ఎలా ఉంటుందని నర్సప్పను అడిగాను.

"ఆటోమేటికా? ఏంది సాబ్ గిట్లడుగుతరు! దేవుడు మనిషికి రెండు కాళ్లిచ్చిండు. బండి ఒక్క కాలుకే పని జెప్తే రెండోది ఏం జెయ్యాలె? తబలా కొట్టాలెనా?"

అందరూ నవ్వారు. మల్లేశ్ అనే కుర్ర డ్రైవరు, "తబలా ఎందుకు మామా, నిద్రపోతది" అన్నాడు.

"నీ కాలు ఇప్పుడే నిద్రపోతున్నది గదరా. క్లచ్ మీదనే పండుకుంటది. అందుకే ఏడాదికో ప్లేటు మింగుతున్నవ్." నర్సప్ప నా వైపు తిరిగాడు. "రాసుకోండ్రి సాబ్. నర్సప్ప సాఫ్ సాఫ్ జెప్పిండు, క్లచ్ లేని బండి బండే కాదు."

ఆ వాక్యాన్ని యథాతథంగా రాసుకుని, చదివి వినిపించి, అతని సంతకం కూడా తీసుకున్నాను.

తర్వాత వారం రోజులు జాబ్ కార్డుల గదిలో గడిపాను. బండికి ఏ భాగం ఎప్పుడు మార్చారో జాబ్ కార్డు చెబుతుంది. కొత్త బండికి రకం ఎంచేటప్పుడు పాత బండ్ల క్లచ్ ఎన్నాళ్లు మన్నిందో చూడడం ఆనవాయితీ. మా కాలనీ రోడ్ల మీద తిరిగే జీపులకు పది నెలలకో ఏడాదికో క్లచ్ ప్లేటు మారింది. బూడిద చెరువు బండి కార్డులు తిప్పాను. ఏడాది వెనక్కి వెళ్లాను, లేదు. రెండేళ్లు, లేదు. నాలుగేళ్లుగా ఆ బండికి క్లచ్ ప్లేటు మార్చలేదు. అన్నిటికంటే బరువు మోసే, అన్నిటికంటే నిటారు కట్ట ఎక్కే బండి అది! స్టోర్సులో అడిగాను, వాళ్ల రిజిస్టరూ అదే చెప్పింది.

నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. శాస్త్రానికి తెలియనిదేదో మా కట్ట మీద జరుగుతున్నదని అనిపించింది. మూడు పేజీల వివరణ రాశాను. సన్నని బూడిద రేణువులు క్లచ్ ప్లేటు మీద పలుచని పొరగా పేరుకుని అరుగుదలను అడ్డుకుంటూ ఉండవచ్చునని అందులో ప్రతిపాదించాను. అవే కార్డుల్లో మరొక సంగతి కూడా కనిపించింది. ఆ బండికి సెల్ఫ్ మోటారు, అంటే తాళం తిప్పగానే ఇంజనును తిప్పి లేపే చిన్న మోటారు, నాలుగేళ్లలో అయిదుసార్లు కాలిపోయింది. దాన్ని వదిలేయడం నా స్వభావం కాదు. బూడిద దుమ్ము లోపలికి చేరడం వల్ల అని కారణం రాసి ముగించాను. మొత్తం పదకొండు పేజీలు, మూడు అనుబంధాలు. సిఫారసు: మాన్యువల్.

రెండు రోజుల తర్వాత కాగితం వెనక్కి వచ్చింది. సంతకం లేదు. అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న: ఒకే బూడిద క్లచ్‌ను కాపాడి సెల్ఫ్‌ను చంపుతుందా? దాని కింద, రెండు రకాల బండ్లూ తెప్పించి కట్ట మీద పరీక్ష పెట్టమని ఆదేశం.

బండ్లు తెచ్చిన కంపెనీ ప్రతినిధి పేరు సుబ్బరాజు. సింధనూరు దగ్గర కాలువ కింద వరి పండించే క్యాంపులో స్థిరపడిన కోస్తా కుటుంబం వాళ్లది. మర్యాదస్థుడు, మాటకు ముందొక 'అండి', వెనకొక 'అండి'. పరీక్ష నేనే రూపొందించాను. మొదటిది, గొట్టాల బరువుతో కట్ట ఎక్కడం. రెండోది, ఎక్కుతూ సగంలో ఆపి, మళ్లీ అక్కడి నుంచే కదిలించడం. ఏటవాలులో బరువుతో ఆగిన బండిని కదిలించడమే గేర్‌బాక్స్‌కు అసలైన పరీక్ష.

ఉదయం పదకొండుకు ఇ.ఇ. మేడం కట్ట మీద గొడుగు కింద నిలబడ్డారు. ఎనిమిది మంది ఖలాసీలు గొట్టాలు ఎక్కించారు. నర్సప్ప మాన్యువల్ బండి ఎక్కి తాళం తిప్పాడు. చడీచప్పుడు లేదు. మళ్లీ తిప్పాడు. లేదు.

"క్లచ్ నొక్కండి నర్సప్పగారూ" అన్నాడు సుబ్బరాజు. "క్లచ్ పూర్తిగా నొక్కితే గానీ సెల్ఫ్ తిరగదండి. కొత్త బండ్లన్నిటికీ ఇలాగే పెట్టారండి, సేఫ్టీకి."

"నొక్కిన."

"అడుగంటా నొక్కాలండి."

"అడుగుకే నొక్కినయ్యా! బ్యాటరీ సచ్చింది నీ బండికి. గిసొంటి బండి తెచ్చినవేందయ్యా, పెండ్లికి తెచ్చిన గుర్రం లేవనట్టు!"

నేను మల్టీమీటరు తెప్పించి బ్యాటరీ చూశాను. భేషుగ్గా ఉంది. ఆ మాట ప్రకటించాను. నర్సప్ప నన్ను చూసిన చూపుకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. "మీటరు ఖరాబయింది సాబ్" అని, ఖలాసీలను తొయ్యమన్నాడు. ఎనిమిది మందీ తోశారు. బండి నడక వేగం అందుకోగానే లోపల కిర్రుమని గేరు పడింది, ఇంజను లేచింది. ఆ తర్వాత నర్సప్ప కట్ట ఎక్కిన తీరు చూసి సుబ్బరాజు నోరు తెరిచాడు. గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడుతున్నాయి. నేను నా పట్టికలో 'అత్యుత్తమం' అని రాశాను.

రెండో పరీక్ష మొదలైంది. కిందికి తెచ్చిన బండి మళ్లీ కట్ట ఎక్కుతూ సగంలో, సున్నంతో గీసిన గీత దగ్గర ఆగింది. ఎర్ర జెండా దించి పచ్చ జెండా ఎత్తాను. జెండాలు నా ఏర్పాటే. బండి కదల్లేదు. ఇంజను ఆగిపోయింది. కొంతసేపటికి బండి వెనక్కి జారడం మొదలుపెట్టి, జారుతూనే భగ్గుమని రివర్సు గేరులో లేచి, అలాగే కింది దాకా దిగిపోయింది. అక్కడ మళ్లీ ఆగింది. ఖలాసీలు మళ్లీ తోశారు. మళ్లీ గీత దాకా వచ్చింది. మళ్లీ వెనక్కి దిగింది.

"ఏవండీ, ఈయన ఎక్కమంటే దిగుతున్నారేంటండీ?" అన్నాడు సుబ్బరాజు దిగులుగా.

చెమటలు కక్కుతున్న ఖలాసీల్లో ఒకడు కిటికీ దగ్గరికి వెళ్లి, "నర్సప్ప మామా, ఇది బండికి పరీక్షనా, మాకు పరీక్షనా?" అని అడిగాడు. "తొయ్యరా, మాటలెక్కువైనయ్" అన్నాడు నర్సప్ప.

లోపం ఎక్కడుందో దగ్గరుండి నమోదు చేయాలని మూడోసారి నేనే పక్క సీట్లో కూర్చున్నాను, నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని. గీత దగ్గర బండి ఆగింది. అప్పుడు చూశాను. కుడి కాలు బ్రేకు మీద ఉంది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. ఎడమ కాలు మాత్రం, బస్సులో దూరప్రయాణం చేసేవాడి కాలులాగ, నా వైపుకు తీరిగ్గా చాపి ఉంది. పరీక్షకు ముందు కంపెనీవారు క్లచ్ పెడల్ మీద కొత్తగా అతికించిన పలుచని కాగితం చెక్కుచెదరలేదు. ఇంతసేపూ ఆ పెడల్‌ను ఎవరూ తాకలేదు.

'క్లచ్ పెడల్ వాడకపోవడం గమనించితిని' అని రాయడం మొదలుపెట్టాను.

"రాయకుండ్రి సాబ్" అన్నాడు నర్సప్ప. "రాస్తే నా సీటు పోతది."

నేను అప్పగించి వచ్చిన పచ్చ జెండా సుబ్బరాజు చేతిలో ఊగుతూనే ఉంది. మేమిద్దరం కట్ట సగంలో, బరువుతో, బ్రేకు మీద. నర్సప్ప ఆ నాలుగేళ్ల కథ నాకు నాలుగు ముక్కల్లో చెప్పాడు. మోకాలు చెడ్డాక అతను క్లచ్ తొక్కడం మానేశాడు. బండి పరుగులో ఉంటే ఇంజను చప్పుడు విని, ఇంజను వేగమూ చక్రాల వేగమూ కలిసిన క్షణంలో క్లచ్ లేకుండానే గేరు జారవిడిచేవాడు. పాతకాలపు లారీల మీద నేర్చిన విద్య అది. నిలబడిన బండిని కదిలించాలంటే ఇంజను ఆపి, ఫస్టు గేరు వేసి, సెల్ఫ్ కొట్టేవాడు. ఆ చిన్న మోటారే బండి మొత్తాన్ని ముందుకు ఈడ్చి ఇంజనును లేపేది. కొత్త బండి క్లచ్ తొక్కనిదే సెల్ఫ్ తిరగనీయదు. అతని విద్యకు అక్కడ తలుపు మూసుకుపోయింది.

"అయితే నాలుగేళ్లు క్లచ్ ప్లేటు..." అన్నాను.

"తొక్కితే గద సాబ్ అరిగేది?"

నా మూడు పేజీల బూడిద సిద్ధాంతం, మూడు అనుబంధాలు కళ్ల ముందు తిరిగాయి. మరి ఆటోమేటిక్ కావాలని అడగవచ్చు కదా అన్నాను.

"అడిగితే ఎందుకని అడుగుతరు. షెడ్డుల పిల్లగాండ్లు నవ్వుతరు. డాక్టరు మోకాలు పిసుకుతడు." ముందుకే చూస్తూ అన్నాడు: "మీకు బండి నడుపుడు రాదని నేను ఎవరికన్న జెప్పిన్నా సాబ్?"

పెన్నుకు మూత పెట్టాను. ఉద్యోగంలో రాయడం మొదలుపెట్టిన వాక్యాన్ని సగంలో ఆపడం నాకు అదే మొదటిసారి.

ఆటోమేటిక్ బండి వంతు వచ్చింది. నర్సప్ప ముఖం ముడుచుకునే ఎక్కాడు. గీత దగ్గర ఆగాడు, పచ్చ జెండాకు కదిలాడు. బరువుతో సహా, వేలెడు కూడా వెనక్కి జారలేదు. ఒకసారి చాలని నేను చెప్పినా వినక మరి మూడుసార్లు ఎక్కి, ఆపి, కదిలించి చూపాడు. దిగాక అందరూ వినేట్టు, "బండి నడిపినట్టు లేదు, ఊయలల ఊగినట్టుంది" అని ఉమ్మేశాడు.

నా ఇబ్బంది సాయంత్రానికి గానీ పూర్తిగా తెలియలేదు. మాన్యువల్ సిఫారసు తప్పని ఇప్పుడు నాకు తెలుసు. అది ఎందుకు తప్పో రాస్తే నర్సప్ప గేటు దగ్గర కూర్చుంటాడు. రాయకపోతే తెలిసి తెలిసి అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణవుతాను. పైగా ఇది నవ్వులాట మాత్రమే కాదు. క్లచ్ తొక్కలేని డ్రైవరు నడిపిన పాత బండి వెనక నాలుగేళ్లు ఖలాసీలు కూర్చుని కట్ట దిగారు. ఆ మాట నర్సప్పతో నేరుగా అన్నాను. అతను డాక్టరు దగ్గరికి వస్తానన్నాడు, ఒక షరతు మీద.

"ఆఫీసోళ్లే జబర్దస్తీగ ఆటోమేటిక్ నా నెత్తిన పెట్టిన్రని రాయండ్రి. నర్సప్ప వద్దంటె వద్దన్నడని రాయండ్రి. ఆ సంతకం అట్లనే ఉండాలె."

మర్నాడు ఇ.ఇ. మేడానికి అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఎక్కమన్నప్పుడల్లా దిగే మనిషికి బండితోనైనా పేచీ ఉండాలి, కాలితోనైనా ఉండాలి. బండి కొత్తది కనుక పేచీ కాలితోనే అయి ఉంటుందని కట్ట మీదే అనుకున్నారట. కుడి కాలు, కళ్లు, చెవులు సరిగా ఉన్నాయా అని మాత్రం అడిగారు. ఉన్నాయని డాక్టరు రాసిస్తే తనకు అభ్యంతరం లేదన్నారు. నా పదకొండు పేజీలు ఒకటిన్నర పేజీ కావాలని కూడా అన్నారు.

అయ్యాయి. బూడిద చెరువు బండి క్లచ్‌ను మామూలు పద్ధతిలో వాడలేదు కనుక దాని వివరాలను లెక్కలోకి తీసుకోవడం లేదని ఒక వాక్యం రాశాను. అది తీసేస్తే మిగిలినవి ఏడాదికో ప్లేటు మింగిన బండ్లే. బరువు, ఏటవాలు, పదేపదే ఆగి కదలడం అన్నీ ఆటోమేటిక్ వైపే మొగ్గాయి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చివర, వాడకందారు తీవ్రంగా వ్యతిరేకించారనీ, ఆ వ్యతిరేకతను పరిశీలించి తోసిపుచ్చామనీ చేర్చాను. ఆమె అదే పూట సంతకం పెట్టారు.

డాక్టరు దగ్గర మరొక చిక్కు వచ్చింది. ఆయన ఫారంలో రెండే గడులున్నాయి: తగును, తగడు. నర్సప్ప రెంటిలోనూ ఇమడడు. డాక్టరు కాసేపు ఆలోచించి, స్కేలు పెట్టి మూడో గడి గీసి, 'క్లచ్ పెడల్ లేని వాహనానికి తగును' అని రాశారు. నర్సప్ప మూడేళ్లూ ఆ బండి నడిపి, దాన్ని మూడేళ్లూ తిట్టి, స్టీరింగు ముందు నుంచే రిటైరయ్యాడు. బండి తిట్లను పట్టించుకోలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. ఒక భాగం ఎప్పుడు అరిగిందో జాబ్ కార్డు చెబుతుంది. ఎందుకు అరగలేదో నడిపే మనిషి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. ఆ ఏడాది నుంచి మా విభాగంలో కట్ట మీద పరీక్ష అయ్యాకే తులనాత్మక పట్టిక రాయడం మొదలైంది. ఆసుపత్రి ఫారంలో మూడో గడి అచ్చులోకి వచ్చింది. ఫారం అచ్చయిన నెలలోనే మరి ఇద్దరు డ్రైవర్లు ఆ గడి కింద పరీక్షకు వెళ్లారు. క్లచ్ లేని బండి బండే కాదని వాళ్లిద్దరూ అంతకు ముందే నాకు రాతపూర్వకంగా ఇచ్చి ఉన్నారు.